తుండు వేసిన సీటు

ఉదయం ఆరూ నలభైకి బస్సు వచ్చింది. మురుంగపాక్కం స్టాపులో ఎక్కినవాళ్ళం ఐదుగురం. అది వీరాంపట్టినంలో బయలుదేరే బస్సు. అరియాంకుప్పం వంతెన దాటి మా దగ్గరికి వచ్చేసరికే నిండిపోతుంది. ఆ రోజూ నిండే ఉంది. వెనక తలుపు పక్కన ఇద్దరు కూర్చునే సీటులో మాత్రం ఒక చోటు ఖాళీగా కనిపించింది. కిటికీ వైపు చేపలమ్మే ఆవిడ కూర్చుని ఉంది. పక్కనున్న ఖాళీ చోట నీలం గళ్ళ తుండు ఒకటి, నాలుగు మడతలు పెట్టి వేసి ఉంది.

"జరుగమ్మా" అన్నాను.

"ఆళ్ళొస్తారు" అంది, నా వైపు చూడకుండా.

మా వైపు బస్సుల్లో తుండు వేసిన సీటు వేసినవాళ్ళది. కిటికీలోంచి లోపలికి విసిరినా సరే, దాన్ని ఎవరూ తీయరు. నేనూ తీయలేదు. మోకాలి నొప్పితో పైకడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఆమె కాళ్ళ దగ్గర పెద్ద సత్తు బేసిను, దాని మీద తడి గోనెగుడ్డ. బ్రేకు వేసినప్పుడల్లా బేసినులోంచి నీళ్ళు కారి నా చెప్పుల దాకా వచ్చాయి. తర్వాతి స్టాపులో ఎవరూ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. మార్కెట్ మలుపులో ఆమె తుండు తీసి, దులిపి భుజాన వేసుకుని, బేసిను ఎత్తుకుని దిగిపోయింది. ఇరవై మంది నిలబడి ఉన్న బస్సులో ఆ చోట్లో ఎవరూ కూర్చోలేదు.

ఆమె మాట్లాడింది తమిళం. ఇక్కడ మా ఇంటి తెలుగులో రాస్తున్నాను. మా ఇంటి తెలుగులో సగం తమిళమే కనుక పోయేది పెద్దగా ఏమీ లేదు.

అక్క చనిపోయి అప్పటికి ఇరవై రెండు రోజులు. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి లేవలేదు. బజారులో నాన్న పెట్టిన కొట్టును ఆయన తర్వాత ముప్పై ఏళ్ళు అక్కే నడిపింది. బొత్తాలు, దారాలు, హుక్కులు, లేసులు అమ్మేది. నేను ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరైనదాన్ని. కొట్టు వైపు పండగకి ఒకసారి వెళితే గొప్ప. ఇంట్లో మేమిద్దరమే ఉండేవాళ్ళం. ఇప్పుడు నెలాఖరులోగా ఆ సరుకంతా వదిలించుకుని, కొట్టు ఖాళీ చేసి తాళం చెవి యజమానికి ఇవ్వాలి. అందుకే ఆ బస్సు. అక్క ఎక్కే బస్సు అదేనని నాకు తెలుసు. అంతకుమించి ఆమె ప్రయాణం గురించి నాకేమీ తెలియదు.

ఆమె పోయిన సాయంత్రమే బజారు వాళ్ళు ఇద్దరు ఇంటికి వచ్చారు. కన్నీటి అంజలి పోస్టరు వేయిస్తామన్నారు. మా ఊళ్ళో మనిషి పోతే గోడల మీద పోస్టరు పడుతుంది. మధ్యలో ఫోటో, ఒక పక్క దీపం, ఇంకో పక్క ఎగిరే పావురాలు, మూలన కన్నీరు కారుస్తూ ఎవరిదో ఒక కన్ను, కింద దుఃఖించేవాళ్ళ పేర్లు, పోయిన మనిషి పేరుకన్నా పెద్ద అక్షరాల్లో. కరెంటు స్తంభానికి, మూత్రం పోసే గోడకి, పార్టీ నాయకుడి పక్కన అక్క ముఖం. వద్దన్నాను.

"ఏందమ్మా అట్లంటావు? నలుగురికి తెలియొద్దా?" అన్నాడు పెద్దాయన.

"తెలియాల్సినవాళ్ళకి తెలుసు."

ఆయన మెట్లు దిగుతూ పక్కనున్నాయనతో నాకు వినపడేలాగే అన్నాడు: "చదువుకున్నోళ్ళ ఏడుపు కూడా వేరే మాదిరి ఉంటాది."

ఆ మాటకి నేను బాధపడలేదు. ఆ రోజుల్లో నేను సరిగా చేసిన పని అదొక్కటే అనుకున్నాను.

రెండో రోజు కూడా తుండు అక్కడే ఉంది. మూడో రోజూ ఉంది. అడిగితే అదే మాట, ఆళ్ళొస్తారు. వచ్చేవాళ్ళు ఎవరూ లేరు. కండక్టరుతో చెప్పాను. అతను టికెట్లు చింపుతూనే అన్నాడు:

"ఆ యమ్మతో నేను పెట్టుకోను మేడం. బేసిను తీసి నెత్తిన కుమ్మరిస్తాది."

"నీ నెత్తికి అంత మంచి చేప దండగరా" అంది ఆమె కిటికీలోంచి చూస్తూనే. వెనక సీట్లవాళ్ళు నవ్వారు. కండక్టరూ నవ్వాడు. నేను నవ్వలేదు.

నాలుగో రోజు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. వాసన భరించలేకపోవడం కొంత నిజమే. మా ఇంట్లో చేప వండరు. అయినా ఆమె చూడాలనే పెట్టుకున్నాను. చూసింది.

"వెనకాల పూలమార్కెట్ బస్సు వస్తా ఉండాది. దాంట్లో రా" అంది.

ఆమె గురించి అప్పటికే ఒక అభిప్రాయానికి వచ్చేశాను. తను సౌకర్యంగా కూర్చోవడానికి రెండు సీట్లు ఆక్రమించింది. రాని మనిషి పేరు చెప్పి రోజూ బస్సు మొత్తాన్ని మోసం చేస్తోంది. నోరు పెద్దది కనుక ఎవరూ అడగరు. ఇలాంటి వాళ్ళవల్లే, అని మొదలుపెట్టి ఊరి మొత్తానికి ఆ తీర్పు వర్తింపజేసేదాన్ని. కొట్టు తెరిచి, అక్క చేతిరాతతో అంకెలు వేసిన బొత్తాల డబ్బాలు ఒక్కొక్కటే దింపుతూ మధ్యాహ్నం దాకా మనసులో ఆమెతో పోట్లాడుతూనే ఉండేదాన్ని. పలకరించడానికి వచ్చినవాళ్ళు నా ముఖం చూసి దుఃఖం అనుకుని తొందరగా వెళ్ళిపోయేవాళ్ళు.

ఆరో రోజు ఏమీ అడగలేదు. తుండును రెండు వేళ్ళతో ఎత్తి ఆమె ఒళ్ళో వేయబోయాను. అది జారి కింద చేపల నీళ్ళలో పడింది. నేను కూర్చున్నాను.

"లెయ్" అంది. తర్వాత గొంతు పెంచింది. "లేస్తావా, నేను లేపాల్నా?"

"ఆరు దినాలుగా చూస్తా ఉండాను. ఎవరొచ్చారు? నువ్వు కాళ్ళు చాపుకోను ఇంకో సీటు కావాల్నా?" అన్నాను.

"నా కాళ్ళకి బేసినుండాది. ఇది ఆ యక్కది."

"ఏ అక్క?"

"బొత్తాల కొట్టు అక్క. నల్లగా, పొట్టిగా ఉంటాది. కాలు ఈడస్తా వస్తాది. మూడేండ్లుగా ఈడ కూసునేది ఆ యక్కే. ఒళ్ళు బాగలేక పండుకోనుండాది. రేపో ఎల్లుండో వస్తాది. వచ్చేటప్పటికి నీ మాదిరిది ఒకతి ఎక్కి కూసోనుంటే ఆ యక్క నిలబడాల్నా?"

లేచాను. నేను భయపడ్డానని బస్సు అనుకుంది. "చెప్తినే మేడం" అన్నాడు కండక్టరు. వంగి తుండును నీళ్ళలోంచి తీసి ఆమెకి ఇచ్చాను. ఆమె దాన్ని కిటికీ బయట పిండి, తడిదే మళ్ళీ నాలుగు మడతలు పెట్టి ఆ చోట్లో వేసింది.

నాకు అక్క పోలికలు లేవు. నేను పొడుగు, కళ్ళద్దాలు, అక్కకన్నా తెలుపు. ఆమెకి అనుమానం రావడానికి ఏమీ లేదు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. మార్కెట్ మలుపు దాకా ఇంకా పది నిమిషాలు ఉంది. నేను పైకడ్డీ పట్టుకుని బయటికి చూస్తూ నిలబడ్డాను.

అక్క ఒక మాట అనేది. ఉదయం నేను పుస్తకం తెరుచుకుని కూర్చుని ఉంటే చెప్పులు వేసుకుంటూ, "అందులోనే మొకం పెట్టుకోని కూసో. నాకు బస్సులో సీటుండాది. నీకు యాడుండాది?" అనేది. కండక్టరు ఎవరో తెలిసినవాడేమో అనుకునేదాన్ని. ఎవరు ఉంచుతారని ఒక్కసారీ అడగలేదు.

తర్వాత నాలుగు రోజులు చెప్పలేదు. ఊళ్ళో అందరి దగ్గరా అక్క చచ్చిపోయింది. ఆ బస్సులో ఇంకా ఒళ్ళు బాగలేక పడుకుని ఉంది. అంతే కారణం. అది ఆ చేపలావిడకి చేస్తున్న అన్యాయమని నాకు తెలుసు. తెలిసే రోజూ ఆరూ నలభైకి ఎక్కి, ఆ ఖాళీ చోటు పక్కనే నిలబడేదాన్ని.

ఎనిమిదో రోజు ఆఫీసు బట్టల్లో ఉన్న ఒకాయన తుండు తీయబోయాడు. "ఆళ్ళొస్తారు" అన్నాను నేను. ఆయన నన్నూ, ఆమెనూ మార్చి మార్చి చూసి ముందుకి పోయాడు.

"ఏమ్మా, బుద్ధొచ్చిందా?" అంది ఆమె.

"ఊ."

అక్కడినుంచి నాతో మాట్లాడటం మొదలుపెట్టింది. అంతకుముందు తిట్టడమే నయం. నాకన్నా ఎక్కువగా అక్క గురించి ఆమెకే తెలుసు. ఏ పక్క కాలు ముందు నొప్పి పుట్టిందో, ఏ డాక్టరు దగ్గరికి ఇంట్లో చెప్పకుండా వెళ్ళిందో, ఏ రోజు కొట్టు మూసేసి తిరువణ్ణామలై గుడి దగ్గర పోయి కూర్చుంటానందో.

"ఇంట్లో ఒక చెల్లెలుండాదంట" అంది ఒక రోజు. "పుస్తకాలు తప్ప దేన్నీ చూడదంట. ఉప్పుకీ చక్కెరకీ తేడా తెలీదంట. రోజూ దాని ఊసే. నేను ముందు పోతే అది ఏం తింటాదో అంటాది. తినకపోతే పోనీ, నీకేంది, అంటాను నేను. దానికి ఏం రోగం? అక్కకి ఒళ్ళు బాగలేదని ఈ బస్సు కాడికొచ్చి ఒక మాట చెప్తే నోట్లోంచి ముత్యాలు రాల్తాయా?"

"ఆమెకి నువ్వెవరో తెలియదేమో" అన్నాను.

"తెలుసుకోవాల. ఒకే ఇంట్లో ఉండే మనిషి ఎవరి పక్కన కూసోని పోతా ఉండాదో తెలుసుకోవాల."

పదకొండో రోజు ఆమె బేసిను చిన్నది తెచ్చుకుంది. సరుకు తక్కువ వేసుకున్నానంది.

"ఈ పొద్దు పది గంటలకంతా అమ్మకం ముగిసిపోతాది. కొట్టు కాడికి పోయి చూస్తా. బొత్తాల కొట్టంటే ఎవరైనా చూపిస్తారు. ఆ చెల్లెలుంటే నాలుగు మాటలు అడిగి వస్తా."

కొట్టులో గల్లా పెట్టె పైన దండ వేసిన ఫోటో ఉంది. దాని కింద కూర్చునేది నేను.

"పోవద్దు" అన్నాను.

"ఏం?"

"ఆమె లేదు. చనిపోయి నెల దాటింది."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఆ చెల్లెలు నేనే."

ఆమె కాసేపు నా ముఖం చూసింది. ఎక్కడైనా పోలిక దొరుకుతుందేమోనని వెతికినట్టు చూసింది. దొరకలేదు. తర్వాత మాట్లాడిన మాట చాలా చిన్న గొంతుతో వచ్చింది.

"పోస్టరు వెయ్యలేదే?"

"నేనే వద్దన్నాను."

"నాకు చదవను రాదు. దినామూ వంతెన గోడ చూస్తా వస్తా. పోస్టర్లన్నీ చూస్తా. ఒక్కొక్క మొకమూ చూస్తా. ఆ యక్క మొకం లేదు. ఈ పొద్దు లేదు, సరే, ఉండాది, వస్తాది అనుకోని తుండు వేస్తా." అప్పటికి గొంతు పెరిగింది. "కుక్క చస్తే వేస్తా ఉండారు పోస్టరు. కోడిపుంజుకి వేస్తా ఉండారు. మీ ఇంట్లో మనిషికి కాగితం కరువొచ్చిందా?"

కండక్టరు ఇటు రాలేదు.

"నాకు అవి నచ్చవు" అన్నాను. అక్కడ నిలబడి విన్నప్పుడు ఆ మాట నాకే ఎలాగో ఉంది.

"నచ్చవంట! నీకు నచ్చేదానికి వేస్తారా? ఇన్ని దినాలు నా పక్కనే నిలబడి, నేను వాగింది అంతా వింటా, చూస్తా ఉంటివే. ఏంది నీకు, సినిమా మాదిరుండిందా?"

"చెప్పాలనే అనుకున్నాను."

"ఆ దినం నువ్వు ముక్కు మూసుకున్నప్పుడే అనుకున్నా. ఈ బస్సులో ముక్కు మూసుకోకుండా నా పక్కన కూసున్నది ఆ యక్కొక్కతే. నువ్వు ఆ యక్క చెల్లెలివంట. యాడో తప్పుండాది."

నా దగ్గర ఒక సమాధానం ఉంది. అది ఆమెని బాధపెడుతుందని తెలిసే బయటికి తీశాను.

"మా అక్కకి వాసన తెలియదు. కరోనా వచ్చినప్పుడు పోయింది, మళ్ళీ రాలేదు. పాలు మాడినా తెలిసేది కాదు. అందుకే నీ పక్కన కూర్చుంది."

"తెలుసు" అంది వెంటనే. "మొదటి దినమే చెప్పింది. నాకు ముక్కు చచ్చిపోయింది, జరుగు, అనింది. కరోనాలో ముక్కు పోయినోళ్ళు ఈ ఊళ్ళో ఎంతమందుండారు? ఆళ్ళంతా వచ్చి నా పక్కన కూసున్నారా?"

 

మార్కెట్ మలుపు వచ్చింది. ఆమె తుండు తీసి ఈసారి దులపలేదు. నడుముకి బిగించి కట్టుకుంది. బేసిను ఎత్తుకుంటూ, "కూసో. ఇంగ ఖాళీనే" అంది. మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగింది.

"మా ఊళ్ళో ఇంకా నలుగురు ఆ యక్కని అడగతా ఉండారు. రవికలకి హుక్కులు ఆ యక్కే పంపిచ్చేది. ఒక్కొక్కరికీ నేను చెప్పుకుంటా తిరగను. ఇంగన్నా గోడకి వెయ్యి."

నేను కూర్చోలేదు. వెనక నిలబడినవాళ్ళు కూడా ఎవరూ కూర్చోలేదు. బస్టాండు దాకా ఆ రెండు చోట్లూ ఖాళీగానే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం కొట్టు మూసి ప్రెస్సుకి వెళ్ళాను. ప్రెస్సు ఆయన కంప్యూటర్లో నమూనాలు చూపించాడు. దీపం వద్దన్నాను. పావురాలు వద్దన్నాను. కన్ను వద్దన్నాను.

"కన్నీళ్ళు లేకుండా కన్నీటి అంజలా? ఏందమ్మా, మొట్టగా, బోసిగా ఉండాది" అన్నాడు. "పోనీ ఒక గులాబీ?"

"ఫోటో పెద్దగా వెయ్యండి. చదవలేనివాళ్ళు చూడాలి."

పేరు, పుట్టిన ఏడు, పోయిన తేదీ వేశాడు. దుఃఖించేవాళ్ళ పేర్ల చోటు వదిలేయమన్నాను. అక్కకి ఫోటోలంటే ఇష్టం లేదు. దొరికిన ఒక్కటి కొట్టు కాగితాల కోసం తీయించుకున్నది. పది కాపీలు తీసుకుని ఆటోలో వంతెన దగ్గరికి వెళ్ళాం, నేనూ, ప్రెస్సు ఆయనా. ఆయన మైదా బంక రాస్తుంటే నేను కాగితం పట్టుకున్నాను. ఒక పక్క ఎవరిదో చెవులు కుట్టే పండగ బ్యానరు, ఇంకో పక్క ఒక ముసలాయన కన్నీటి అంజలి, దాంట్లో రెండు చిలకలు. మధ్యలో అక్క. మిగతా తొమ్మిది అరియాంకుప్పం మలుపు దాకా అతికించాం.

మర్నాడు ఆరూ నలభైకి ఎక్కాను. ఆమె కిటికీ దగ్గరే ఉంది. పక్క చోట్లో ఒకాయన చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన తల మీదుగా ఆమె నాతో అంది:

"ఫోటో బాగలేదు."

"అదొక్కటే ఉంది."

"ఆ యక్క అట్ల కండ్లు పెద్దవి చేసుకోని చూడదు. పోలీసు స్టేషన్లో నిలబెట్టి తీసిన మాదిరుండాది."

నిజమే. నేను అతికించేటప్పుడు గమనించలేదు. ఆమె కిటికీ వైపు తిరిగింది. ఆ తర్వాత మార్కెట్ మలుపు దాకా మాట లేదు. ఆ రోజునుంచి ఇప్పటిదాకా లేదు.

నెలాఖరుకి కొట్టు ఖాళీ చేశాను. హుక్కుల డబ్బాలు మాత్రం అమ్మలేదు. సంచిలో వేసుకుని ఒక ఉదయం ఆమె కాళ్ళ దగ్గర బేసిను పక్కన పెట్టాను. ఆమె సంచి విప్పి చూసి మళ్ళీ ముడి వేసింది. దిగేటప్పుడు తీసుకుని దిగింది.

ఆ బస్సుతో నాకు ఇప్పుడు పని లేదు. ఎప్పుడైనా ఊళ్ళోకి పోవాలంటే అదే ఎక్కుతాను. ఒకసారి ఆమె పక్క చోటు ఖాళీగా ఉంటే కూర్చున్నాను. కొంగు ఒళ్ళోనే ఉంచుకున్నాను. ఆమె జరగలేదు, లెమ్మనీ అనలేదు. పోస్టరు వానకి ఎప్పుడో ఊడిపోయింది. దాని మీద ఇంకేదో వేశారు.

నీలం గళ్ళ తుండు ఇప్పుడు ఆమె నడుముకే ఉంటుంది. ఆ సీటు మీద వేయడం లేదు.